మనుమలను ఎత్తుకునే వయస్సులో నడుము పదిలం

ఆయుర్వేద శాస్త్రం మానవుని ఆయుర్దాయాన్ని బాల్యం, మధ్యవయస్సు, వార్ధక్యం అని మూడు భాగాలుగా విభజించింది. 60 సంవత్సరాలు దాటిన కాలాన్ని చరక సంహిత వార్ధక్యంగా పరిగణించగా, వాగ్భటాచార్యుడు 70 వరకు మధ్యవయస్సుగానే లెక్కించాడు. హద్దు ఎక్కడ గీసినా, వయస్సు పైబడిన కొద్దీ శరీరంలో వాతదోషం ప్రబలుతుందన్న విషయంలో ఆచార్యులందరిదీ ఏకాభిప్రాయమే. వాతానికి నివాసాలుగా చెప్పిన స్థానాలలో కటి, అనగా నడుము, ఒకటి. అస్థి, అనగా ఎముక, మరొకటి. పైగా వాతం పెరిగితే అస్థిధాతువు క్షీణిస్తుందని కూడా శాస్త్రం చెబుతున్నది. వృద్ధులలో నడుము నొప్పి ఎందుకంత తరచుగా కనిపిస్తుందో ఈ ఒక్క సూత్రంతో బోధపడుతుంది.

ఈ సూత్రాన్ని నేను ఎందరో రోగులకు వివరించి చెప్పినవాడినే. అయినా 2019 భోగి పండుగనాడు నా నడుమే నన్ను మోసగించింది. కాదు, నేనే దానిని మోసగించాను అనడం న్యాయం. అప్పుడు నా వయస్సు 63. రెండున్నరేళ్ళ మనుమణ్ణి పీట మీద కూర్చోబెట్టి భోగిపళ్ళు పోశాము. పేరంటాళ్ళు అక్షతలు వేసి లేచిన తరువాత, పిల్లవాణ్ణి ఫోటో కోసం ఎత్తుకుందామని, నిలబడిన చోటనే ముందుకు వంగి, చేతులు చాచి ఎత్తి, అదే ఊపున పక్కకు తిరిగాను. నడుములో ఏదో కలుక్కుమన్నది. పిల్లవాణ్ణి కింద పడవేయకుండా మా అబ్బాయి అందుకున్నాడు గాని, నేను మాత్రం వంగినవాణ్ణి వంగినట్లే ఉండిపోయాను.

నొప్పి నెల రోజులకు తగ్గింది. అయితే నొప్పి కంటె ఎక్కువగా బాధించిన విషయం వేరొకటి ఉన్నది. ఉదయం లేవగానే నా దగ్గరకు వచ్చి చేతులు చాచే పిల్లవాడు, కొద్ది రోజులకు చాచడం మానివేశాడు. ఇంటికి ఎవరు వచ్చినా "తాతయ్యకు నడుం నొప్పి, ఎత్తుకోరు" అని తానే చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా, నివారించదగిన వ్యాధిని కోరి తెచ్చుకున్నానే అన్న చింత కలిగేది. నా వంటి తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు ఆ చింతకు గురి కాకూడదన్నదే ఈ వ్యాస లక్ష్యం.

నడుములో జరిగేదేమిటి?

మన వెన్నెముకలో నడుము భాగానికి చెందిన పూసలు ఐదు. శరీరపు పైభాగం బరువునంతా మోసేవి ఇవే. పూసకూ పూసకూ నడుమ మెత్తని బిళ్ళ వంటి మృదులాస్థి ఉంటుంది. యౌవనంలో నీటితో నిండి, ఒత్తిడిని దిండువలె భరించే ఈ బిళ్ళలు వయస్సుతో పాటు నీటిని కోల్పోయి పలుచబడతాయి. పూసల అంచులు అరిగి మొనలు తేలుతాయి. కండరాలు సన్నగిల్లుతాయి. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఎముకలలోని సున్నం త్వరగా తరిగిపోతుంది. ఈ మార్పులు దాదాపు అందరిలోనూ వస్తాయి. కాని అందరికీ నొప్పి రాదు. నొప్పి వచ్చేవారికీ రానివారికీ గల భేదంలో కండరాల బలానికి, నిత్యం నడుమును వాడుకునే తీరుకు ముఖ్యమైన పాత్ర ఉన్నది.

పిల్లలను ఎత్తుకునే తీరు గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక కాడ పొడవుగా, మరొక కాడ పొట్టిగా ఉన్న త్రాసును ఊహించుకోండి. పూస ఆ త్రాసుకు ఇరుసు వంటిది. వెనుక ఉన్న వెన్ను కండరాలు ఇరుసుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 13 కిలోల పిల్లవాణ్ణి చేతులు చాచి 45 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఆ కండరాలు స్థూలంగా 117 కిలోల బలంతో లాగవలసి వస్తుంది. అదే పిల్లవాణ్ణి రొమ్ముకు హత్తుకుని 20 సెంటీమీటర్ల దూరంలోనికి తెచ్చుకుంటే 52 కిలోల బలం చాలు. మన సొంత శరీరం ముందుకు వంగిన భారం దీనికి అదనం. బిడ్డ బరువు మారలేదు, దూరం మాత్రమే మారింది.

ఆధునిక పరిశోధనలు కూడా ఈ విషయాన్నే ధ్రువపరిచాయి. జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక వ్యక్తి నడుము పూసల మధ్య బిళ్ళలో ఒత్తిడిని నేరుగా కొలిచి 1999 లో ఫలితాలను ప్రకటించారు. పడుకున్నప్పుడు ఒత్తిడి అత్యల్పం. నిలబడినప్పుడు దానికి సుమారు ఐదు రెట్లు. 20 కిలోల బరువును వీపు గుండ్రంగా వంచి ఎత్తినప్పుడు, నిలబడినప్పటి ఒత్తిడికి నాలుగున్నర రెట్లకు పైగా నమోదయింది. అదే బరువును శరీరానికి దగ్గరగా పట్టుకున్నప్పుడు ఆ ఒత్తిడి సగానికి తగ్గింది.

బిడ్డను ఎత్తుకునే పద్ధతి

ఏడాది బిడ్డ సుమారు 9 కిలోలు, మూడేళ్ళ బిడ్డ సుమారు 14 కిలోలు తూగడం సహజం. మనకు వయస్సు పెరుగుతూ ఉండగా మన చేతులలోని బరువు కూడా పెరుగుతూ ఉంటుందన్నమాట. కనుక ఈ నియమాలను అలవాటుగా చేసుకోవాలి.

ఎత్తుకునే ముందు బిడ్డకు వీలైనంత దగ్గరగా వెళ్ళాలి. ఒక మోకాలు నేలకు ఆనించి, బిడ్డను ముందుగా తొడ మీదకు, అక్కడ నుండి రొమ్ము మీదకు తీసుకోవాలి. ఆ తరువాత తొడల బలంతో లేవాలి. లేచేటప్పుడు ఊపిరి బిగపట్టరాదు, మెల్లగా విడవాలి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు అసలు నేల మీద నుండి ఎత్తే ప్రయత్నమే చేయరాదు. కుర్చీలో కూర్చుని, బిడ్డనే ఒడిలోకి ఎక్కి రమ్మనాలి. నడక వచ్చిన బిడ్డకు ఇది సంబరమే గాని కష్టం కాదు.

ఎత్తుకున్న తరువాత నడుమును మెలిత్రిప్పరాదు. పక్కకు తిరగాలంటే పాదాలను కదిపి శరీరాన్నంతా ఒక్కటిగా తిప్పాలి. వంగడం, బరువెత్తడం, మెలిదిరగడం ఈ మూడూ ఒకేసారి జరిగితే నడుముకు ప్రమాదం ఎక్కువ. భోగినాడు నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోవడం కూడా మంచిది కాదు. వైపు మారుస్తూ ఉండాలి.

మన ఇళ్ళలో పెద్దలు కాళ్ళు చాచి కూర్చుని, పసిబిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్ళు పోయడం ఆచారం. బిడ్డకు అది హాయినిచ్చే మాట నిజమే. పోసే అమ్మమ్మకు మాత్రం అరగంట సేపు నడుము ముందుకు వంగి ఉండే ఆసనం అది. 60 దాటిన వారు ఈ పని చేయదలిస్తే వీపు గోడకు ఆనేటట్లు తక్కువ ఎత్తు పీట మీద కూర్చోవాలి. నీళ్ళు అందించడానికి మరొకరిని పక్కన ఉంచుకోవాలి. పని పూర్తికాగానే తడిబిడ్డను వారి చేతికి ఇచ్చి, తరువాతనే తాము లేవాలి. చేతిలో బిడ్డతో నేల మీద నుండి లేవడం ఏ వయస్సులోనైనా నడుముకు పరీక్షే. ఇప్పటికే నొప్పి ఉన్నవారు ఈ బాధ్యతను ఇంట్లోని చిన్నవారికి అప్పగించి, పక్కన కూర్చుని పద్ధతి నేర్పడం ఉత్తమం.

కూతురి పురిటికో, కోడలి పురిటికో విదేశాలకు వెళ్ళి నెలల తరబడి బిడ్డను పెంచే దంపతులు మన తెలుగువారిలో ఎందరో ఉన్నారు. అక్కడి పిల్లల మంచాలకు చుట్టూ ఎత్తైన కటకటాలు ఉంటాయి. ఆ అంచు మీదుగా వంగి అడుగున ఉన్న బిడ్డను తీయడమంటే చేతులు చాచి ఎత్తడమే. కటకటం దించే వీలుంటే దించి, లేకుంటే ఒక చేతిని అంచుకు ఆనించి బిడ్డను ముందుగా దగ్గరకు జరుపుకుని, ఆ తరువాతనే ఎత్తాలి. కారులోని పిల్లల కుర్చీలో బిడ్డను కూర్చోబెట్టడం మరీ కష్టమైన భంగిమ. ఆ పని తల్లిదండ్రులదేనని మొదటి రోజే మొగమాటం లేకుండా చెప్పడం అందరికీ మేలు. విమాన ప్రయాణంలో గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

వ్యాయామం

బలవంతులైనా తమ శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు నియమించాడు. వృద్ధులు కఠిన వ్యాయామాన్ని వర్జించాలని కూడా చెప్పాడు. ఈ మాటను పట్టుకుని కొందరు పెద్దలు కదలడమే మానివేస్తారు. అది పొరపాటు. దేహాన్ని అధికంగా పీడించని నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందని సుశ్రుత సంహిత ప్రశంసించింది. నుదుట చెమట పట్టి, నోరు ఎండి, నోటితో శ్వాస తీసుకోవలసి వస్తున్నదంటే సగం శక్తి వినియోగమైనట్లు గ్రహించి అక్కడితో ఆపాలి. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగిన వేగం చాలు.

ఆస్ట్రేలియాలో నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిపై జరిగిన అధ్యయనం 2024 లో వెలువడింది. క్రమంగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవడం వారిలో సగం మందికి లక్ష్యంగా నిర్దేశించారు. నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం నడవని వారిలో మధ్యస్థంగా 112 రోజులు కాగా, నడిచినవారిలో 208 రోజులు. ఖర్చు లేని ఈ ఔషధానికి మించినది నా సంచిలో లేదు.

నడకతో పాటు ఉదయం పది నిమిషాలు ఈ కదలికలను సాధన చేయవచ్చు. మొదటిది, వెల్లకిలా పడుకుని ఒక్కొక్క మోకాలిని రెండు చేతులతో పొట్ట మీదకు మెల్లగా తెచ్చుకోవడం. రెండవది, మోకాళ్ళు మడచి పాదాలు ఆనించి పిరుదులను కొద్దిగా పైకెత్తే సేతుబంధాసనం. మూడవది, మోకాళ్ళు, అరచేతులు ఆనించి వీపును పైకీ కిందికీ కదిపే మార్జాలాసనం. నాల్గవది, చేతుల సాయం లేకుండా కుర్చీలో నుండి లేచి కూర్చోవడం. ఐదవది, గోడను పట్టుకుని ఒంటికాలిపై పది లెక్కపెట్టే వరకు నిలబడడం. ఒక్కొక్కటి ఐదుసార్లతో మొదలుపెట్టి పదిసార్ల వరకు పెంచాలి. చివరి రెండూ తొడలకు బలాన్ని, శరీరానికి నిలకడను ఇస్తాయి. పడిపోకుండా ఉండడం కూడా నడుము రక్షణలో భాగమే. ఎముకలు గుల్లబారినవారు పశ్చిమోత్తానాసనం వంటి ముందుకు బలంగా వంగే ఆసనాలు వేయరాదు.

అభ్యంగనం, కాపడం

వాతానికి తైలాన్ని మించిన శత్రువు లేదు. 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో నలగగొట్టిన వెల్లుల్లి రేకలు ఆరు, వాము ఒక చెంచా వేసి, రేకలు ఎర్రబడే వరకు సన్నని సెగపై కాచి, చల్లారిన తరువాత వడగట్టి సీసాలో పోసుకోవాలి. దీనిని గోరువెచ్చగా చేసి, వారానికి రెండు మూడు సార్లు నడుము, పిరుదులు, తొడలు, పాదాలపై పది పదిహేను నిమిషాలు మర్దన చేయించుకోవాలి. మర్దన మృదువుగా ఉండాలి. వృద్ధుల వీపుపై బలంగా నొక్కడం, మోకాలితో తొక్కించుకోవడం ప్రమాదకరం. పూస విరిగిన సంఘటనలు లేకపోలేదు. తరువాత వావిలాకు వేసి కాచిన వేడినీళ్ళతో స్నానం చేయాలి. జ్వరం, అజీర్ణం, చర్మంపై పుండ్లు ఉన్నప్పుడు అభ్యంగనం పనికిరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నూనె అంటిన పాదాలతో స్నానాల గదిలో జారిపడిన పెద్దలను నేను స్వయంగా చికిత్స చేశాను. నూనెను పొడి బట్టతో తుడిచి, పాదాలకు సున్నిపిండి రాసుకున్న తరువాతనే లేవాలి. గోడకు పట్టుకునే కమ్మీ ఒకటి బిగించుకోవాలి.

నొప్పి పట్టినప్పుడు వావిలాకును కొద్దిపాటి ఆముదంతో పెనం మీద వెచ్చబరచి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం మన పల్లెల్లో తెలిసిన చికిత్సే. వావిలాకు దొరకనిచోట వేయించిన రాళ్ళ ఉప్పు మూట వాడవచ్చు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు గనుక, ఇంట్లో మరొకరు మూట వేడిని తమ ముంజేతిపై పరీక్షించి పెట్టాలి. మినపపిండితో నడుముపై కట్టకట్టి గోరువెచ్చని తైలం నింపే కటివస్తి మంచి చికిత్సే గాని, దానిని వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి.

ఆహారం

అస్థిధాతువుకు పోషణ ఆహారం నుండే రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020 లో ప్రకటించిన ప్రమాణాల మేరకు పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు అవసరం. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. గ్లాసు పాలలో సుమారు 240 లభిస్తుంది. ఉదయం రాగిజావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, ఒక గ్లాసు మజ్జిగ, సాయంత్రం చిన్న చిమ్మిలి ఉండ, రాత్రి పాలు ఉంటే ఆ అవసరంలో పెద్ద భాగం ఇంటి వంటతోనే తీరుతుంది. మినుములు వాతహరం, బలకరం గనుక సున్నుండ కూడా మంచిదే. మధుమేహం ఉన్నవారు బెల్లపు ఉండలకు బదులుగా నువ్వులపొడిని అన్నంలో కలుపుకోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి ఆహారం నిర్ణయించుకోవాలి. కాల్షియం ఒంటబట్టడానికి విటమిన్ డి కావాలి. అందుకు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనివ్వాలి.

మలబద్ధకం వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. ముక్కడం నడుముపై ఒత్తిడిని పెంచుతుంది. పీచు గల కూరలు, తగినంత నీరు, అవసరమైతే రాత్రి అరచెంచా త్రిఫలాచూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకోవచ్చు. అరచెంచా శొంఠిపొడిని గ్లాసు నీటిలో సగమయ్యే వరకు మరిగించి భోజనానంతరం సేవిస్తే అజీర్ణం, వాతం శమిస్తాయి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు తమ వైద్యునికి చెప్పకుండా ఈ కషాయాన్ని గాని, గుగ్గులు మాత్రలను గాని వాడరాదు.

కొన్ని అపోహలు

నొప్పి వస్తే వారాల తరబడి పడక మీదనే ఉండాలనుకోవడం మొదటి అపోహ. భోగి తరువాత నేనూ ఎనిమిది రోజులు అలాగే పడుకున్నాను. నడుము మరింత బిగుసుకుపోయింది. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, ఆ తరువాత ఓర్చుకోగలిగినంత మేర కదలాలి. గట్టి బల్లమీదే పడుకోవాలన్నది రెండవది. స్పెయిన్‌లో 313 మందిపై జరిపి 2003 లో ప్రకటించిన పరిశోధనలో గట్టి పరుపు కంటె మధ్యస్థమైన పరుపే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. పట్టీ బిగించుకుంటే చాలుననుకోవడం మూడవది. దీర్ఘకాలిక నడుము నొప్పికి పట్టీలు నిత్యం వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో సూచించింది. పేరు, తయారీ వివరాలు లేని పొడి పొట్లాలతో ఒక్క రోజులో నొప్పి మాయమైతే సంతోషించరాదు, సందేహించాలి. అటువంటి పొడులలో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు ఉన్నాయి. అవి ఎముకలనే గుల్ల చేస్తాయి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

మలమూత్రాలపై అదుపు తప్పినా, మూత్రం బంధించినా, తొడల మధ్యభాగం మొద్దుబారినా, కాలు బలహీనపడి ఈడ్చవలసి వచ్చినా అదే రోజున ఆసుపత్రికి వెళ్ళాలి. కింద పడిన తరువాత లేదా చిన్న బరువు ఎత్తగానే తీవ్రమైన నొప్పి వస్తే పూస విరిగిందేమో ఎక్స్‌రే తీయించాలి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే క్షయ, కేన్సరు వంటి వ్యాధులు వెన్నుకు సోకలేదని నిర్ధారించుకోవాలి. ఇటువంటి లక్షణాలు ఉండగా తైలాలతో, కషాయాలతో కాలయాపన చేయడం ఆయుర్వేదం అంగీకరించే పని కాదు.

2022 లో మా ఇంట మనుమరాలు పుట్టింది. ఈసారి ఆమె పుట్టడానికి ముందే నా నడకను, ఐదు కదలికలను క్రమం తప్పకుండా ఆరంభించాను. ఆమె చేతులు చాచినప్పుడు ఈనాటికీ ముందుగా కుర్చీ వెతుక్కుంటాను, లేదా ఒక మోకాలు నేలకు ఆనిస్తాను. ఆ అలవాటు ఆమెకూ వచ్చింది. తాతయ్య కూర్చునే వరకు ఓపికగా నిలబడి, ఆ తరువాతనే మెడ చుట్టూ చేతులు వేస్తుంది. పాఠకులు కూడా నొప్పి వచ్చేదాకా వేచి ఉండక, రేపటి ఉదయపు నడకతోనే ఈ నియమాలను ఆరంభించగలరని ఆశిస్తున్నాను.